రెండో కంకి

సౌదీలోని తబూక్‌లో మక్కచేను పనికి చేరిన మొదటి వారమే హన్మాండ్లుకు తిట్లు పడ్డాయి. జగిత్యాల దగ్గర తన ఊళ్లో చల్లినట్టే యూరియాను గుప్పిళ్లతో చల్లుతుంటే, ఫోర్మన్ బషీర్ భాయ్ ఉర్దూలో కేకేశాడు: "కోళ్లకు గింజలేస్తున్నావా?"

ఆ పాకిస్తానీ పెద్దాయన తిట్టి ఊరుకోలేదు. తానే కూర్చుని, మొక్క మొదలుకు బెత్తెడు దూరంలో వేలితో గుంట తీసి, చిటికెడు యూరియా వేసి మట్టి కప్పాడు. "పైన చల్లితే ఎండే తినేస్తుంది" అన్నాడు.

ఆ ముచ్చటే హన్మాండ్లు ఫోన్‌లో భార్య గౌరవ్వకు చెప్పాడు. చేను నల్లగా నిగనిగలాడాలని పక్కచేనోళ్లతో పోటీపడి బస్తాలు కుమ్మరించే మనిషి ఆమె. నవ్వింది, కానీ అలాగే చేసింది. సగం యూరియాతోనే కంకులు గింజ నిండుగా వచ్చాయి.

మొన్న చేనులోంచే వీడియో కాల్ చేసింది. "ఏటా తొలి కంకి పోచమ్మకే పెడ్త. ఈయేడు రెండు తెంపిన. రెండోది మీకు నేర్పిన ఆ అన్నకు. చెప్పుండ్రి."

హన్మాండ్లు చెప్పాడు. బషీర్ భాయ్ రుమాలుతో కళ్లొత్తుకుని, ఫోన్ దగ్గరికి లాక్కుని, ఆమె వెనకున్న చేను వంక చాలాసేపు చూశాడు.

"చెల్లెమ్మకు చెప్పు. ఆకు ఇంకా నల్లగానే ఉంది. వచ్చేసారి యూరియా ఇంకాస్త తగ్గించమను."