మూడు వారాల సంచీ, ఎనిమిది నిమిషాల లాబ్‌స్టర్

మొన్న ఆదివారం సూపర్‌మార్కెట్‌లో మా అమ్మాయి గడ్డకట్టిన లాబ్‌స్టర్ తోకల పొట్లం ఒకటి తీసి బండిలో పడేసింది. "ఎలా వండాలో తెలుసా నీకు?" అన్నాను. "బటర్, గార్లిక్, అవెన్. ఈజీ లా, నాన్నా. వై సో టెన్స్?" అంది. టెన్షన్ కాదు, ఒళ్లుమంట. ఇరవై ఏళ్లు దాటినా ఆ మచ్చల డొప్పలు కనిపిస్తే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. పాపం, వాటి తప్పేం లేదు. తప్పు నాదీ, మా ఆవిడదీ, కొంత మా అత్తగారిదీను.

అప్పటికి మా అమ్మాయి ఇంకా పుట్టలేదు. కంప్యూటరు కోర్సు చేసినవాళ్లంతా విమానం ఎక్కేస్తున్న రోజులు. మా ఇంట్లో ఎక్కింది మా ఆవిడ, వెనకాల నేను. భీమవరంలో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. రొయ్యను కోసి, దాని కాళ్లూ మీసాలూ వరసగా అట్టకు అంటించడం ఎన్ని బ్యాచ్‌లకు నేర్పానో లెక్కలేదు. సింగపూర్లో ఆ విద్య ఎవరికీ అక్కర్లేకపోయింది. రెండు వేల సంవత్సరం వచ్చి అంకెలు మారితే కంప్యూటర్లు ఏమవుతాయోనన్న భయంతో ఏదో ఆఫీసువాళ్ల ప్రోగ్రాములన్నీ సరిచేసే పని మా ఆవిడది. బుకిట్ పంజాంగ్‌లో పదో అంతస్తు ఫ్లాట్‌లో వంట నాది, బట్టలు నావి, అప్లికేషన్లు పంపడమూ జవాబు రాకపోవడమూ నావి. నిజం చెప్పొద్దూ, వంట బాగానే పట్టుబడింది. పైకి చెప్పుకోవడానికే నామోషీ. నెల రోజులుండడానికి అత్తగారు వస్తున్నారనగానే మా ఆవిడ, "మీకు ఇక్కడ కాలేజీలో ఉద్యోగం అని అమ్మతో చెప్పేశానండీ, ఏమనుకోకండి" అంది. అనుకోకుండా ఎలా ఉంటాను? కానీ కాదనలేదు. ఉద్యోగం లేని అల్లుడిగా ఆవిడ ముందు నిలబడడం నాకూ ఇష్టం లేదు.

దాంతో రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచీ తగిలించుకుని, తొమ్మిదికల్లా ఇల్లు వదలాల్సి వచ్చింది. రెండు స్టేషన్ల అవతల ఒక హాకర్ సెంటర్, అంటే చవక తిండికొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటు, ఉండేది. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఇక ఆ చోటు మనదే. చోప్ చెయ్యడమంటే అదే. ఫ్యాను కింద ఒక మూల రోజూ చోప్ చేసుకుని, ఒకే పేపరు మూడుసార్లు చదివి, సాయంత్రానికి అలిసిపోయినట్టు మొహం పెట్టుకుని వచ్చేవాణ్ణి. నిజానికి నటించక్కర్లేదు. ఏ పనీ లేకుండా ఎనిమిది గంటలు కూర్చోవడమంత అలసట మరోటి లేదు. ఇంటికొస్తే నా వంటింట్లో నేనే చుట్టాన్ని. పంచదార డబ్బా ఎక్కడుందో తెలియనట్టు నిలబడి టీ పుచ్చుకోవాలి. నా మూకుడును అత్తగారు ఇనప్పీచుతో గీకుతుంటే చూస్తూ ఊరుకోవాలి.

అలా మూడు వారాలు గడిచాయి. ఈలోగా సంవత్సరమూ మారింది, ఏ కంప్యూటరూ కూలిపోలేదు. ఆ సంతోషంలో మా ఆవిడ ఆఫీసువాళ్లు ఒక్కొక్కరికీ నాలుగేసి లాబ్‌స్టర్ తోకలు ఐసుపెట్టెలో పెట్టి ఇచ్చారు. మర్నాడు హాకర్ సెంటర్లో మా పక్క ఫ్లాటు ఆంటీ కనిపిస్తే, వాటిని ఎలా వండాలో అడిగాను. ఆవిడ మలేషియాలో పుట్టిన తెలుగావిడ, మా ఆవిడ కాక నా దొంగ ఉద్యోగం సంగతి తెలిసిన ఏకైక మనిషి. "మాస్టర్, మామూలు ఉడాంగ్, అదే మన రొయ్య, ఆ మాదిరి అనుకోవద్దప్పా. కత్తెరతో వీపు కట్ చెయ్యి, కండ పైకి లాగు, ఆవిరి మీద ఎనిమిది నిమిషం. ఎక్కువ పెట్టినావో, టయరే లా!" అంది. ఆ రోజు నేను పెందలాడే ఇంటికి బయల్దేరాను.

అయినా ఆలస్యమైపోయింది. మూడు తోకల డొప్పలు అప్పటికే చెత్తబుట్టలో ఉన్నాయి. నాలుగోది మర్నాటి వేపుడుకని ఫ్రిజ్‌లో అట్టేపెట్టారట. మా వైపు రొయ్యలకు ఉప్పూ పసుపూ పట్టించి, అందులో నీరంతా ఇగిరేదాకా ఉడికించి, ఆ తర్వాతే ఉల్లిపాయలూ మసాలా వేస్తాం. అత్తగారు అదే చేస్తున్నారు. ముక్క నొక్కి చూసి, "ఉడకలేదు బాబూ, ముదురు సరుకు" అని మరో గ్లాసు నీళ్లు పోశారు. ఉడికేకొద్దీ అది బిగుసుకుంది. బిగుసుకునేకొద్దీ ఆవిడ ఉడికించారు. చివరికి మాంసం లెక్కన కుక్కర్లోకి ఎక్కించారు. గుమ్మంలో సంచీతో నిలబడి, "అత్తయ్యగారూ, ఉడికిపోయి ఉంటుందేమోనండీ" అన్నాను. "మీకేం తెలుస్తుందండీ, కాలేజీలో అరిచి అరిచి వచ్చారు. కూర్చోండి, టీ ఇస్తాను" అన్నారు. కుక్కరు విజిల్ వేసినప్పుడల్లా నా ప్రాణం గిలగిల్లాడింది. అయిదు విజిల్స్ అయ్యాక గరిటెతో నొక్కితే ముక్క జారి కిందపడి, ఎగిరి, ఫ్రిజ్ కిందకు పోయింది. "ఇంకో మూడు రానిద్దాం" అన్నారావిడ.

"చాలండీ!" అని అరిచేశాను. పెళ్లైన నాలుగేళ్లలో ఆవిడ ముందు గొంతు పెంచడం అదే మొదలు. సంచీ కింద పడేసి ఫ్రిజ్‌లోంచి నాలుగో తోక తీశాను. చూడకుండానే సొరుగులోంచి కత్తెర, పై అరలోంచి ఇడ్లీ పాత్ర, పిండి డబ్బా వెనకనుంచి వెల్లుల్లి తీశాను. వీపు మీద డొప్ప కత్తిరించి కండ పైకి లాగుతుంటే, చాలాకాలానికి నా చేతులకు పని దొరికినట్టనిపించింది. గడియారం చూసి ఎనిమిది నిమిషాలు. కరిగిన వెన్నలో వెల్లుల్లి వేగుతున్న వాసన వస్తుంటే అప్పుడు తెలిసింది, నేనేం చేశానో. ఆ వెల్లుల్లి ఎక్కడుందో మూడు వారాలుగా ఆవిడకే దొరకలేదు.

అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని నిదానంగా తిన్నారు. "బావుంది బాబూ" అన్నారు. తర్వాత, "మా అమ్మాయికి తిరగమోత పెట్టడం రాదు. వచ్చిన రోజే పోపులపెట్టె తెరిచి చూశాను. గిన్నె గిన్నెకీ మీ రాతతో చీటీ అంటించి ఉంది. అది దాని పని కాదనీ, రోజూ కాలేజీకి పోయే మనిషికి అంత తీరిక ఉండదనీ అప్పుడే అనుకున్నాను" అన్నారు.

నాకు సిగ్గుకన్నా ముందు కోపం వచ్చింది. "మరి ఇన్నాళ్లూ నన్నెందుకు అలా తిరగనిచ్చారండీ?"

"మీరే చెప్తారేమోనని చూశాను. రేపు ఆ సంచీ తగిలించుకోకండి. నాకు ఇది వండడం నేర్పండి."

నేర్పాను. ఆవిడ నాకు చేపల పులుసు నేర్పారు. ఇద్దరం వంటింట్లో పోట్లాడుకుంటూ, నవ్వుకుంటూ వారం రోజులు గడిపాం. తర్వాత నాకు ట్యూషన్ సెంటర్లో ఉద్యోగం వచ్చింది, ఆవిడకి మళ్లీ సింగపూర్ రావడం పడలేదు, ఇప్పుడు లేరు కూడా. మా అమ్మాయికి తన అమ్మమ్మ ఫొటోల్లోనే తెలుసు. లాబ్‌స్టర్ ఎన్ని నిమిషాలుంచాలో ఇప్పటికీ గడియారం చూడకుండా చెప్పగలను. ఆవిడతో గడపడానికి నాకు దొరికిన ఒకే ఒక్క నెలలో మూడు వారాలు టిష్యూ ప్యాకెట్ పక్కన కూర్చుని పోగొట్టుకున్నానే, అదీ నా ఒళ్లుమంట.