ఓడ నోట ‘మనం’

పరాయి భాష సినిమాల్లో మనుషులు పెదవులు కదుపుతుంటే, ఆ కదలికకు అతికే మన మాటను వెతికిపెట్టడం ఆయన వృత్తి. తెరమీది మనిషి పెదవులు బిగిస్తే పకారమో మకారమో పడాలి. నోరు తెరిస్తే దీర్ఘం పడాలి. అర్థం సంగతి ఆ తర్వాత. స్టూడియోలో అందరూ ఆయనను పెదాలాయన అనేవారు. ఏళ్ల తరబడి ఆయన మాటలు ఇతరుల నోళ్లలోంచే లోకంలోకి వెళ్లాయి. ఏ తెరమీదా ఆయన పేరు చదవడానికి వీలైనంతసేపు నిలవలేదు.

అటువంటి మనిషి చేతికి ఒక టీవీ సీరియల్ వచ్చింది. మనుషులను మోసుకుని నక్షత్రాల మధ్య తిరిగే ఓడ కథ అది. ఆ ఓడకు బుద్ధి ఉంది, గొంతు ఉంది, నోరు మాత్రం లేదు. నోరు లేదు కాబట్టి పెదవుల బెడద లేదు. జీవితంలో మొదటిసారి ఆయన ఒక పాత్రకు తనకు నచ్చిన మాట ఇచ్చుకోగలిగాడు. మూలభాషలో ‘మేము’కూ ‘మనం’కూ ఉన్నది ఒకటే పదం. ఆయన చాలా ఆలోచించి ఓడ చేత ఎప్పుడూ ‘మేము’ అనిపించాడు. “మేము తలుపులు మూస్తున్నాం. మీరు కూర్చోండి.” ఓడ ఒకవైపు, మనుషులు ఒకవైపు. మధ్యలో గీత గీసింది ఆ ఒక్క పదమే.

అభిమానులు ఆ గీతను పట్టుకుని శాసనం చేసేశారు. సీరియల్ మీద మన భాషలో నవల తేవాలని కంపెనీ తలపెట్టి, రాసే పని ఆయనకే అప్పగించినప్పుడు, పెట్టిన మొదటి షరతు కూడా అదే: ఓడ ‘మనం’ అనకూడదు. తాను కన్న నియమాన్ని తనకే ఆజ్ఞగా వినిపిస్తుంటే ఆయన తల ఊపాడు.

నవల వచ్చింది. అట్టమీద ఆయన పేరుంది. రెండో నవల ఆయన చేత రాయించాలా, ఇంకెవరికైనా ఇవ్వాలా అన్నది అభిమానుల సమావేశం చూసి తేలుస్తామని కంపెనీ చెప్పింది. అట్టమీద పేరు ఒకసారి పడి మళ్లీ చెరిగిపోవడం, అసలు పడకపోవడం కన్నా దారుణమని ఆయనకు అప్పుడే తోచింది.

సమావేశానికి రెండు రోజుల ముందు అభిమానుల సంఘం అధ్యక్షుడు ఫోన్ చేశాడు. అతనిది మందుల షాపు.

“అంతా బాగుంది సార్. ఒక్కటే. మా డాక్టరమ్మ ఏదో ఒక మాట గురించి అడగాలంటున్నారు. ఏ మాటో నాకు చెప్పలేదు. ‘ఆయనకే తెలుస్తుందిలే’ అన్నారు.”

ఆ క్షణం నుంచి ఆయనకు తిండి రుచించలేదు. తన పుస్తకాన్ని తానే, ఎవరో దొంగను సోదా చేస్తున్నట్టు, పేజీ పేజీ తిరగేశాడు. పదకొండో అధ్యాయంలో దొరికింది. వెనుక అరలో నిద్రిస్తున్న కార్మికులకు గాలి ఆపేయబోతూ ఓడ అంటుంది: “మనకు గాలి చాలదు.”

‘మీకు’ అని ఉండవలసిన చోట ‘మనకు’.  ఆ మాట ఎలా వచ్చిందో కూడా వెంటనే గుర్తుకొచ్చింది. ఆ వాక్యం రాస్తున్న పూట వంటగదిలోంచి భార్య కేకేసింది: “ఏమండీ, మనకు గ్యాస్ చాలదు, సాయంత్రం దాకా కూడా రాదు!” ‘ఊఁ’ అంటూనే రాసుకుపోయాడు. ఇంటి మాట ఓడలోకి ఎక్కి కూర్చుంది. దిద్దినవాళ్లు చూడలేదు, కంపెనీ చూడలేదు. వాళ్ల ఇళ్లలోనూ అదే మాట రోజూ వినబడుతుంది కాబట్టి కాబోలు.

విషయం విన్న భార్య మొదట నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “అయితే మీ ఓడ నా గొంతుతో మాట్లాడిందన్నమాట. నాకూ వాటా ఇప్పించండి.” ఆయన ముఖం చూసి నవ్వు ఆపింది. “అంత భయమెందుకండీ? మన పెళ్లినాడు కూడా మీకింత చెమట పట్టలేదు. కావాలనే రాశానని చెప్పేయండి, పోయేదేముంది?”

పోయేదేమిటో చెప్పే బదులు పుస్తకం అట్టమీద తన పేరు చూపించాడు.

గ్రంథాలయం పై అంతస్తులో ఒక గది. మడత కుర్చీలు, పనిచేయని గడియారం, కిటికీ అద్దం మీద పాత స్టిక్కరు చింపిన మరక. వెనుక వరుసలో కంపెనీ మనిషి కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నవ్వుతున్నాడు, ఆ నవ్వు ఎవరిని చూసో తెలియదు. మైకు ముందు కూర్చున్న ఆయన గుక్కెడు నీళ్లు తాగబోతే గ్లాసు అంచు పంటికి తగిలి టకటకమంది. మైకు ఆ చప్పుడును గదంతా పంచింది.

మొదట లేచినవాడు దర్జీ. “రచయిత గారూ, సీరియల్లో కెప్టెన్ కోటుకి ఏడు గుండీలు. మీరు ఆరే పెట్టారు. ఏడోది ఏమైంది?”

“ఊడిపోయి ఉంటుంది,” అన్నాడు ఆయన.

“మరి కుట్టించుకోడా? కెప్టెన్ అండీ!”

“నీ దగ్గరికే పంపించారేమో. నువ్వు సమయానికి ఇచ్చిందెప్పుడులే!” అని ఎవరో అందుకున్నారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే మూడో వరుస వంక చూస్తున్నాడు. అక్కడ నెరిసిన జుట్టు గట్టిగా ముడివేసుకున్న ఆమె ఒక్కతే నవ్వలేదు. ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరమ్మ ఆమేనని పక్కనున్న అధ్యక్షుడు చెవిలో చెప్పాడు.

ఆమె లేచింది. పుస్తకం తెరవలేదు.

“పదకొండో అధ్యాయం. ‘మనకు గాలి చాలదు.’ ఊపిరే లేని ఓడకి గాలి చాలకపోవడమేంటండీ? కావాలని రాశారా, పొరపాటా?”

 కొందరు ఆదరాబాదరా పేజీలు తిప్పారు. “అయ్యో, నిజమే!” అన్న గొంతు ఒకటి వినబడింది. వెనుక వరుసలో కంపెనీ మనిషి కాలు దించి ముందుకు వంగాడు. అతని పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. పెదవులు చదవడం వృత్తిగా బతికిన మనిషికి ఆ మాట గదికి ఆ చివర నుంచి కూడా తెలిసింది: కావాలనే.

‘కావాలనే’ అనడం ఎంత సులువు! పేరు దక్కుతుంది, పుస్తకం దక్కుతుంది. ఆ మాట అందామనే ఆయన నోరు తెరిచాడు. కాని ఎదుటి పెదవులు కదిలినట్టల్లా మాట పెట్టడమే ఇన్నాళ్లూ తాను చేసిన పని అని ఆ క్షణంలో స్ఫురించింది.

“పొరపాటేనమ్మా,” అన్నాడు. “మా ఇంట్లో గ్యాస్ అయిపోవచ్చింది. మా ఆవిడ అరిచిన మాట చేతిలోకి వచ్చేసింది.”

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండునని ఆయన అనుకున్నాడు.

డాక్టరమ్మ కూర్చోలేదు. “మీరు పొరపాటున రాశారు, సరే. ఓడ పొరపాటున అనదు కదండీ.”

ఆయనకు వెంటనే అర్థం కాలేదు.

“మేం ఆపరేషన్ బల్ల దగ్గర ఏమంటామో తెలుసా? ‘మనం కాసేపు నిద్రపోదామా?’ అంటాం. నిద్రపోయేది ఒక్కరే. నేను మెలకువగానే ఉంటాను. కాని ఆ మాట వినగానే వాళ్ల చెయ్యి బిగువు సడలిపోతుంది. ఎన్నేళ్లుగానో అంటున్నాను, ఏనాడూ ఏమీ అనిపించలేదు. మీ పుస్తకం చదివిన మర్నాడు ఆ మాట నా నోట్లోంచి రాలేదు. పేషెంటు నా వంక చూస్తూనే ఉన్నాడు.” ఆమె గొంతు ఏమాత్రం పెరగలేదు. “ఓడ ‘మేము’ అన్నంతకాలం దానికి ఎదురు తిరగొచ్చు. ‘మనం’ అన్నాక ఎదురు తిరగడానికి ఎవరు మిగులుతారు? అది అడగడానికే వచ్చాను. జవాబు లేదంటే పర్లేదు.”

ఆమె కూర్చుంది. గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. దర్జీ తన చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు, చలేసినట్టు. తాను సృష్టించిన ఓడ తన ఇంటి మాటను దొంగిలించి తనకన్నా తెలివిగా వాడుకున్నదని ఆయనకు అర్థమైంది. 

మెట్లు దిగుతుంటే కంపెనీ మనిషి వెనుకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

“అదరగొట్టారు సార్! నేను ‘కావాలనే’ అనమంటే మీరు అంతకన్నా బాగా కొట్టారు. చూశారా, జనం ఎలా వణికిపోయారో? రెండో నవల మనం రాస్తున్నాం. ఈసారి ఓడ ప్రతి పేజీలో ‘మనం’ అంటుంది. ఏమంటారు? మనకు కావలసింది అదే కదా!”

 అడిగినవాడు జవాబు కోసం ఆగలేదు. భుజం మీది చెయ్యి మెత్తగా, వెచ్చగా ఉంది. రెండు రోజులుగా పోతుందని భయపడిన అట్టమీది పేరు దక్కింది. అయినా ఆ చెయ్యి బరువు మెట్టు మెట్టుకూ పెరుగుతోంది. కమ్మీ పట్టుకుని దిగాడు.

వీధిలోకి రాగానే ఫోన్ మోగింది. భార్య.

“ఏమైందండీ? మాట్లాడరేం? మనకు వచ్చిందా, పోయిందా?”

జీవితమంతా విన్న మాటే. అయినా ఆయన రోడ్డు వారన నిలబడిపోయి, ఆ గొంతు ఆమెదేనా అని మరొక్కసారి చెవి ఒగ్గి విన్నాడు.