డెడ్‌బాడీ గారి ససేమిరా

బైండింగ్ షాపు మేస్త్రి గారు తెలుగులో ఎన్నడూ ఎవరినీ కాదనలేదు. కాదనవలసి వస్తే ఇంగ్లీషులోకి దూకేవారు. చిన్న కోపానికి 'ఐ బెగ్ టు డిఫర్', మధ్యరకానికి 'అబ్సల్యూట్లీ నాట్', కొంప మునిగితే 'ఓవర్ మై డెడ్ బాడీ'. ఆయన కొంప రోజుకి నాలుగుసార్లు మునిగేది. టీలో పంచదార తగ్గినా శవం లేచేది. అందుకే షాపులో అందరూ ఆయన్ని చాటుగా డెడ్‌బాడీ గారనేవాళ్లు.

"జల్లు కొడుతోంది, కిటికీ మూసెయ్యనా?" అని పనివాళ్లెవరైనా అడిగితే చాలు.

"ఐ బెగ్ టు డిఫర్! బంక ఆరొద్దూ?"

పుస్తకాలు కుట్టే అక్కకి మాత్రం నవ్వొచ్చేది కాదు. ఇరవై ఏళ్లుగా కుట్టిన చేతులు ఆ వానాకాలం నుంచి వణుకుతున్నాయి. ఇంట్లో భర్త మంచం పట్టాడు, ఈ పనే ఆధారం. షాపులో చూస్తే గోడలు చెమ్మగిల్లాయి, సగం బల్లలు ఖాళీ. ఆమె కుట్టింది తీసుకెళ్తే మేస్త్రి గారు కళ్లకి ఆనించుకుని చూసేవారు.

"అబ్సల్యూట్లీ నాట్!" అని ఎడమచేతి వాటం మనిషి కాబట్టి ఎడమచేత్తోనే తన బల్ల కింద పడేసేవారు.

"ఇటివ్వండి అన్నయ్యగారూ, విప్పి మళ్లీ కుడతాను."

"అబ్సల్యూట్లీ నాట్!"

యజమానికి చూపించడానికే దాస్తున్నాడని ఆమె గుండెల్లో రాయి పడింది. పైగా భోజనాల వేళ తన గది గడియ పెట్టుకుని కునుకు తీస్తాడట. ఈ మనిషికి నిద్రెలా పడుతుందో అని తిట్టుకునేది.

ఒక ముసురు రోజున యజమాని రానే వచ్చాడు. "ఆవిడ కుట్టు వంకర పోతోందట. రేపట్నుంచి మానిపించేద్దాం."

"ఓవర్ మై డెడ్ బాడీ!"

కిటికీ అద్దాలు గడగడలాడాయి. మేస్త్రి గారు బల్ల కింది పుస్తకాలన్నీ యజమాని ముందు కుప్ప పోశారు. "ఇవన్నీ ఆవిడ చేతికిచ్చినవే. వంకరెక్కడుందో చూపించండి!"

యజమాని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక్క కుట్టూ పక్కకి పోలేదు. గొణుక్కుంటూ గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

అక్క ఒక పుస్తకం తెరిచి చూసింది. ఆమె వేసే ముడి ఎప్పుడూ కింది చివర పడుతుంది. ఇందులో పై చివర ఉంది. ఎడమచేత్తో కుడితేనే అక్కడ పడుతుంది. భోజనాల వేళ దాటిపోయినా బల్ల మీద ఆయన క్యారియర్ మూత కూడా తియ్యకుండా అలాగే ఉంది. ఇన్నాళ్లూ తిట్టుకున్నందుకు ఆమెకి సిగ్గేసింది.

మర్నాడు గడియ పడకముందే ఆమె సూదీ దారంతో ఆయన గదిలో కూర్చుంది. క్యారియర్ ఆయన ముందుకి జరిపింది.

"ముందు తినండి. తర్వాత ఇద్దరం కుడదాం."

"అబ్సల్యూట్లీ నాట్!"

"ఓవర్ మై డెడ్ బాడీ, అన్నయ్యగారూ!"

అది ఆమె నోట వచ్చిన మొదటి ఇంగ్లీషు ముక్క. మేస్త్రి గారు నోరు తెరిచి, ఏ భాషా దొరక్క, బుద్ధిగా క్యారియర్ మూత తీశారు.