కథ కంచికి వెళ్ళకూడని పద్దెనిమిది వారాలు

ఒక జూన్ ఒకటో తారీఖున నన్ను ఒడిశాలోని కొరాపుట్‌లో ఒక ఆసుపత్రి జనరల్ వార్డు నుంచి క్షయ చికిత్స కేంద్రానికి మార్చారు. హోదా స్టాఫ్ నర్సే, జీతమూ పాతదే. మారింది పేషెంటు నిడివి. వార్డులో మనిషి వారం ఉండి వెళ్ళిపోతాడు. ఇక్కడ ఒక్కో మనిషీ ఆరు నెలలు.

నా పేరు సమాధానమ్మ. భీమిలి నుంచి బడిపంతులుగా ఈ కొండలెక్కిన మా నాన్న శాంతి అనే అర్థంలో పెట్టాడు. పై అధికారులు మాత్రం మెమో ఇచ్చిన ప్రతిసారీ రెండో అర్థంలోనే వాడుకున్నారు.

ఇప్పుడు క్షయ మాత్రలు రోజూ వేసుకుంటున్నారు. అప్పట్లో వారానికి మూడు రోజులు: సోమ, బుధ, శుక్ర. పేషెంటు పేరు రాసిన ఎర్ర పెట్టెలో ఆరు నెలల మందూ మొదటి రోజే వేరుగా పెట్టేవాళ్ళం. మొదటి రెండు నెలలూ ప్రతి మోతాదూ మా కళ్ళెదుటే మింగాలి. తర్వాత పద్దెనిమిది వారాలు సోమవారం మోతాదు ఒక్కటే మా ముందు. మిగతా రెండూ ఇంటికిచ్చి, మరుసటి సోమవారం మాత్రల ఖాళీ అట్ట తెమ్మనేవాళ్ళం.

చిక్కంతా ఆ పద్దెనిమిది వారాలతోనే. రెండు నెలలకే దగ్గు పోతుంది, ఆకలి పుడుతుంది. మనిషి ఇక రాడు. లోపల మిగిలిన జబ్బు మొండికెత్తి తిరిగొస్తుంది, అప్పుడు ఈ మందులంటే దానికి లెక్క ఉండదు.

మాత్రలు వేసుకున్నాక వాంతి కాకుండా అరగంట కూర్చోబెట్టడం నా పద్ధతి. ఆ అరగంటలో తెలుగు ఆడవాళ్ళు నలుగురైదుగురికి వారపత్రికలోని ఒక పేజీ కథ చదివేదాన్ని. అయిపోగానే పైడమ్మ చీర దులుపుకుని లేచేది. “కత కంచికి, మనం ఇంటికి. నెగండర్రా!” పైడమ్మ మునిసిపాలిటీలో ఊడ్పు పని చేసేది. వాళ్ళది విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబం. చదువు రాదు, కానీ కథలో ఎవరు ఎవరికి ఏమవుతారో నాకంటే తనకే బాగా గుర్తుండేది.

రెండు నెలలు ముగిసిన మొదటి సోమవారం పైడమ్మ రాలేదు. రాని పేషెంటును ఆ రోజే వెళ్ళి చూడాలని నియమం. బజారు చివర చీపురుతో దొరికింది.

“ఎందుకు రాలేదే?”

“దగ్గు పోనాది సిస్టరమ్మా. రాత్రి కునుకు పడతంది. ఇంకేటి? కత కంచికెల్లిపోనాది.”

“ఇంకా నాలుగు నెలలుంది.”

“మీ కతలు ఒక్క పేజీ దాటవు గానీ మీ మందు ఆర్నెల్లేటి?”

ఎగతాళిగా అన్నమాటే. నాకు మాత్రం ఇంజెక్షన్‌లా గుచ్చుకుంది. ముగిసిపోయే కథలు చెప్పి, నేనే వీళ్ళకి లేచి వెళ్ళిపోవడం నేర్పుతున్నాను.

మా అత్తగారు పోతూ నాకొక బైండు పుస్తకం మిగిల్చారు. వారపత్రికలో వచ్చిన సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి కుట్టించుకున్నది. అందులో శారద అనే టీచరుకి ఏళ్ళ క్రితం వెళ్ళిపోయిన భర్త నుంచి ఉత్తరం వస్తుంది. ఆవిడ దాన్ని విప్పదు. రచయిత కూడా విప్పనివ్వడు. అప్పటికి నేనది చదవలేదు, ముందుకి తిప్పి చూడనూ లేదు. వాళ్ళతోపాటే చదువుదామనుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, నాక్కూడా సోమవారాలు కావలసి వచ్చాయని.

ఆ సాయంత్రమే పైడమ్మని లాక్కొచ్చి మాత్రలు వేయించి, మొదటి భాగం చదివాను. ఉత్తరం చేతికందిన చోట ఆపాను.

“ఆపీసేవేటి? అందులో ఏటుంది?”

“వచ్చే సోమవారం.”

“ఇది అన్నేయం సిస్టరమ్మా!”

అన్యాయమే. కానీ ఆమె వచ్చింది, ఖాళీ అట్ట ఊపుకుంటూ వచ్చింది. ఆరో వారానికి శారద ఇంకా ఉత్తరం పట్టుకునే ఉంది. “ఈ అమ్మికి సేతులు పడిపోనాయేటి? నాకిత్తే ఈపాటికి సింపీసుందును,” అని పైడమ్మ తిట్టేది. కొందరికి పాత పద్ధతే నచ్చేది. పనిమీద వచ్చినవాళ్ళం, ఏ రోజు కథ ఆ రోజు తేలిపోవాలనేవారు. తేలకపోవడమే నా ఉద్యోగమని వాళ్ళకి చెప్పలేదు.

పన్నెండో వారం పైడమ్మ ఏడుపు ముఖంతో వచ్చింది. రాయగడలో కూతురికి నెలలు నిండాయి, మధ్యాహ్నం రైలుకి వెళ్ళిపోతోంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. పేషెంటు ఊరు మారితే బదిలీ ఫారం నింపాలి. ఎన్ని మోతాదులు అయ్యాయో, ఎన్ని మిగిలాయో రాసి పంపాలి. సీరియల్ పైన వేసే ‘జరిగిన కథ’ లాంటిదే అది. ఫారం నింపాను, మిగిలిన మందు కట్టాను. పైడమ్మ కదలలేదు.

“మందు అక్కడా దొరుకుతాది. మరి ఉత్తరం?”

జిరాక్స్ తీయించొచ్చు కదా అంటారు మీరు. వానకి ఆ రోజు ఊళ్ళో కరెంటు లేదు, రైలుకి గంటే ఉంది. అత్తగారి కుట్టు విప్పి, మిగిలిన ఆరు భాగాలూ మందుతో కలిపి కట్టేశాను. రాయగడ కేంద్రంలోని తెలుగు ఫార్మసిస్టుకి చీటీ రాశాను: సోమవారానికి ఒక్క భాగం చదివి వినిపించండి, మాత్రలు మింగాకే.

కొరాపుట్‌లో మిగిలినవాళ్ళకి తరువాయి కథ నేనే అల్లాను. మొదటి వారమే ఒకావిడ అనుమానపడింది. “కత రాసినోడు మారిపోనాడేటి సిస్టరమ్మా?” అయినా చివరిదాకా వచ్చారు. నా కథని ఎలా తిట్టాలో మాట్లాడుకోవడానికే వచ్చేవారని నా నమ్మకం.

రెండు నెలల తర్వాత బదిలీ ఫారం కింది ముక్క తిరిగొచ్చింది. కళ్ళెలో క్రిములు లేవు, చికిత్స పూర్తి, నయమైంది. దానికి పిన్ను చేసిన చీటీలో ఫార్మసిస్టు పైడమ్మ మాటలు ఉన్నవున్నట్టు రాశాడు: “ఆ అమ్మి ఉత్తరం సింపీసినాది. అందులో ఏటుందో సిస్టరమ్మకి సెప్పకండి. ఆవిడ నన్ను సోమారం సోమారం తిప్పింది గదా, ఒక్కపాలి నా కాడికి రమ్మనండి. ఆ కాయితాలూ నా కాడే ఉన్నాయి. నానే సెప్తాను.”

ఫార్మసిస్టుకి ఫోను చేసి బతిమాలాను. ఆయన నవ్వాడు. ఒట్టు వేయించుకుందండీ, మీ పేషెంటు కదా, మీకే తెలియాలి అన్నాడు.

రాయగడ ఎంతో దూరం కాదు. కానీ ఆ నెల సెలవు లేదు, ఆపై నెల తనిఖీ, తర్వాత మా ఆయన మోకాలు. వచ్చే సోమవారం, వచ్చే సోమవారం అంటూ నా ప్రయాణమే సీరియల్ అయింది. రెండేళ్ళకి వెళ్ళాను, సొరంగాల్లోంచి రైలు వెళుతుంటే పైడమ్మని ఏమని తిట్టాలో ఆలోచించుకుంటూ. బదిలీ ఫారంలో రాసిన కూతురి ఇంట్లో వేరేవాళ్ళు ఉన్నారు. అల్లుడికి మరో ఊళ్ళో పని దొరికిందట, పైడమ్మతో, పిల్లతో సహా అందరూ వెళ్ళారట. ఏ ఊరో తెలియదన్నారు. ఫార్మసిస్టుకి అప్పటికే బదిలీ అయింది. ఆ పత్రికా ఆగిపోయింది. తిరుగు రైలెక్కాను.

రిటైరయ్యాక బైండు పుస్తకం మళ్ళీ కుట్టించాను. చివర ఆరు భాగాలంత మందాన తెల్ల కాగితాలు వేయించాను. సోమవారాలు అప్పుడప్పుడు తీసి, శారద ఉత్తరం పట్టుకుని కూర్చున్న చోటుదాకా చదువుతాను.

ఆ కేంద్రం నాకు నేర్పింది రెండు సంగతులు. ఆరు నెలల మందుకి ఒక పేజీ కథ చాలదు. మనిషిని రప్పించేది సగంలో ఆపిన కథే. కానీ అలా ఆపినవాళ్ళు, పిలుపు వస్తే ఆ సోమవారమే వెళ్ళాలి.