తస్నీమ్ దేగ్చీ

మా ఎదురింటి తస్నీమ్ పాత వైర్లు ఒలుస్తుంటే చేతులు కనపడవు. పీటకు బిగించిన బ్లేడు మీదుగా వైరు లాగిందంటే తొక్క ఒక పక్క, రాగి ఒక పక్క. ప్లగ్గులు పగలగొట్టి ఇత్తడి కాళ్లు వేరే డబ్బాలో పడేస్తుంది. మొరాదాబాద్‌లో మా గల్లీ అంతా ఇదే పని. కానీ గుప్పెడు గుప్పెడుగా రెండేళ్లపాటు రాగి దాచింది మాత్రం ఆమె ఒక్కతే. పెళ్లి వంటల పెద్ద గిన్నె, దేగ్చీ కోసం.

తస్నీమ్ పులావు వండితే పిలవని వాళ్లు కూడా వస్తారు. అయినా అరువు గిన్నెలతో వండే మనిషికి పెద్ద పెళ్లి వంట ఎవరిస్తారు? ఈ ఆదివారం నికాహ్ వాళ్లు తేల్చి చెప్పేశారు, సొంత రాగి దేగ్చీ ఉంటేనే వంట నీదని. కంచరి షరాఫత్ మియా రాగి తూచుకుని అంతే తూకం గిన్నె ఇస్తాడు. ఆయనేమో శుక్రవారమే ఊరెళ్తున్నాడు. గురువారం మధ్యాహ్నానికి ఇంకా కిలోన్నర తక్కువ.

మిగిలింది తను సొంతంగా కొన్న పాత కేబుల్ మూట ఒక్కటే. ఒలిస్తే లోపల తీగంతా తెల్లగా!

"అల్యూమినియం. నీ మొహానికి రాగి రాసిపెట్టలేదులే," అన్నాడు మొగుడు మునవ్వర్. గుమ్మంలో నిలబడ్డ పాతసామాన్ల ఛుట్టన్‌కు మొత్తం ఎత్తి ఇచ్చేశాడు. వాడు తూచి, డబ్బు చేతిలో పెట్టి, సంచిలో కుక్కాడు. నాకైతే ఏడుపొచ్చింది.

తస్నీమ్ చేతిలో ఒక ముక్క మిగిలింది. కోపంతో వంచింది, మళ్లీ వంచింది. పదిసార్లు వంచినా విరగలేదు. అల్యూమినియమైతే ఈపాటికి రెండు ముక్కలయ్యేది! గబుక్కున బ్లేడుతో గీరింది. లోపల ఎర్రగా మెరిసింది. రాగి! పైన తగరం పూత, అంతే!

"ఛుట్టన్! ఆగరా!"

వాడప్పటికే సంచి మూతికి తాడు చుడుతున్నాడు. మా గల్లీలో ముడి పడితే బేరం అయిపోయినట్టే, ఖాజీ వచ్చినా విప్పించలేడు. పడనంత వరకు సరుకు అమ్మినవాళ్లది. తస్నీమ్ చెప్పుల్లేకుండా పరిగెత్తి సంచిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చేసింది. "తియ్యకే! చెయ్యి తియ్యకే!" అని నేను అరుగు మీంచి అరుస్తున్నాను.

"తస్నీమ్ అక్కా, తాడు వేసేశాను!" అన్నాడు ఛుట్టన్.

"వేస్తే వేశావు, ముడి ఏదీ? నా చేతితో సహా కట్టుకుపోతావా?"

గల్లీ అంతా గొల్లుమంది. ఛుట్టన్ తల గోక్కుని తాడు వదిలేశాడు. "సరే, నా డబ్బు నాకిచ్చి తీసుకుపో. ఆదివారం పులావు మాత్రం నాకూ పెట్టాలి," అన్నాడు.

తగరానికి కాస్త తరుగు తీసినా, షరాఫత్ మియా తక్కెడలో ముల్లు సరిగ్గా నిలబడింది. ఆయన ఉలి అందుకుని, "అంచు మీద మునవ్వర్ అనే కదా?" అన్నాడు. మా దగ్గర గిన్నెల మీద ఇంటాయన పేరే వేయిస్తారు.

మునవ్వర్ గొంతు సవరించుకున్నాడు. "తస్నీమ్ అని చెక్కండి. నేనైతే అమ్మేసేవాణ్ణి."

ఆమెకు చదువు రాదు. చెక్కడం అయ్యాక ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, "ఇది నేనా? ఇది కూడా నేనేనా?" అని అడుగుతూనే ఉంది.