వేరుపడ్డ సోదరులు

మా ఊళ్ళో ఏసుక్రీస్తుకి రెండు గుళ్ళుండేవి. మాది ఆర్సీయం గుడి, అంటే రోమన్ కేథలిక్కులది. రైలు కట్టకి అవతలది బాప్టిస్టుల ప్రార్థన మందిరం. ఆ గుమ్మం తొక్కడం పాపమని, తొక్కినవాళ్ళు పాపసంకీర్తనంలో తన దగ్గర ఒప్పుకుని తీరాలని మా ఫాదర్ గారు అనేవారు.

మా అక్క ఆ గుమ్మం తొక్కింది. కొత్తవలస దగ్గర కొత్త రైలు లైను పనిలో ఉన్న బాప్టిస్టు అబ్బాయిని వాళ్ళ మందిరంలోనే పెళ్ళి చేసుకుంది. ఫాదర్ గారు ఇంటికొచ్చి, "ఇక ఆ పిల్ల లేదనుకోండి" అన్నారు. అమ్మ లేదనుకుంది. అంటే, సంతలో అక్క ఎదురైతే తల తిప్పుకునేది. ఇంటికొచ్చి జపమాల పట్టుకుని ఏడ్చేది.

ఏడాది తిరక్కుండానే అక్క పురిట్లో పోయింది. బిడ్డా దక్కలేదు. కబురు వినగానే అమ్మ పరిగెత్తింది, కానీ ముందు ఫాదర్ గారి దగ్గరికి, అనుమతి కోసం. నాకు ఈనాటికీ ఒళ్ళు మండేది అక్కడే. కన్నకూతుర్ని ఆఖరిసారి చూసుకోవడానికి అనుమతేమిటి? ఆయన ఇవ్వలేదు కూడా. వాళ్ళ ప్రార్థనలో మనం కలవకూడదన్నారు. అమ్మ మందిరం కంచె బయట నిలబడి లోపలి పాటలు వింది. శవపెట్టె అవతలి గేటు గుండా వెళ్ళిపోయాక ఇంటికొచ్చేసింది. మొహం చూడనేలేదు.

రోములో బిషప్పులంతా కూర్చుని పాత పద్ధతులు మార్చాలని మాట్లాడుకున్నది మా ఊరు చేరడానికి కొన్నేళ్ళు పట్టింది. ముందు లాటిన్ పోయి పూజ తెలుగులోకి వచ్చింది. సంతోషించాం. తర్వాత ఒక ఆదివారం అదే ఫాదర్ గారు, అదే నోటితో, బాప్టిస్టులు మనకి వేరుపడ్డ సోదరులని, క్రైస్తవుల ఐక్యత కోసం వాళ్ళ మందిరంలో కలిసి ప్రార్థన చేద్దామని చెప్పారు. నమ్మించి గొంతు కోశారనిపించింది నాకు. చుట్టూ అందరూ బుద్ధిగా తలలూపుతున్నారు.

వేరుపడడమంటే మా వైపు ఒకటే అర్థం. అన్నదమ్ములు పొలం పంచుకుని వేరే పొయ్యి పెట్టుకోవడం. అమ్మ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. దారి పొడుగునా దాన్నే గొణుక్కుంటూ నడిచింది.

ప్రార్థన రోజు సాయంత్రం అందరూ మందిరంలోకి వెళ్ళారు. అమ్మ కంచె దగ్గర, వెనకటి చోటే నిలబడింది. నేను పక్కనే ఉన్నాను. ఫాదర్ గారు చూసి బయటికొచ్చారు.

"రండమ్మా, ఇప్పుడు తప్పులేదు."

"ఏరుపడిపోయినోలైనా సావుకి ఎల్తారు కద ఫాదరు" అంది అమ్మ. "మరి నన్నెందుకు ఎల్లనీనేదు?"

"అప్పటికి మాకూ తెలియలేదమ్మా" అన్నారాయన.

"నాకు తెలుసు బాబూ" అంది. "తెలిసే, మీరొద్దన్నారని ఆగిపోనాను."