పన్నెండు మాటల ప్రింటవుట్

2024 వానాకాలం. మద్దిలపాలెం డిపో దగ్గర సందులో మా జిరాక్స్ షాపు. ఈ రోజుల్లో కాగితం పట్టుకుని వచ్చేవాళ్లు తక్కువ. గోడ మీదున్న నంబరుకి వాట్సాప్ చేస్తారు, నేను ప్రింట్ తీసిస్తాను. ఆ వాట్సాప్ కస్టమర్లు కూర్చునే కంప్యూటర్‌లో పొద్దున్నుంచి తెరిచే ఉండేది. ఎవరి ఫైలు వాళ్లే వెతుక్కునేవాళ్లు. ఊళ్లో సగం షాపులు ఇలాగే నడుస్తాయి, నాదేమీ వింత కాదు.

ఆ రోజు పొద్దున్నే నూకరత్నం అనే ఆవిడ ఒక ఫొటో పంపింది. రెండు కాపీలు తీసి లామినేషన్ చెయ్యమంది. నేను చదవలేదు. వచ్చే ఫొటోల్లో ఏది ఆధారో, ఏది కరెంటు బిల్లో చూసే తీరిక నాకెక్కడిది? మొదటి ప్రింటు మసగ్గా వస్తే చిత్తుకాగితాల్లో పడేసి మళ్లీ తీశాను. మధ్యాహ్నం ఆమె భర్త ఎల్లాజీ వచ్చాడు. సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునే కుటుంబం వాళ్లది, అతను మాత్రం ఓడల్లో ఇంజన్ రూమ్ పనికి వెళ్తాడు. లామినేషన్ మెషిన్‌లో పెట్టబోతూ అప్పుడు చూశాను ఆ కాగితం. వరసగా నంబర్లు వేసి పన్నెండు ఇంగ్లీషు మాటలు, ఒకదానికొకటి పొంతన లేనివి. మెషిన్ ఆపేశాను.

"ఇదేటి ఎల్లాజీ, క్రిప్టో వాలెట్‌దా?"

"అవునక్కా. ఒడ్డున ఇల్లు కదా, వానకి తడిసిపోద్దని. ఒకటి మా ఇంటిది దాసుకుంటాది, ఒకటి నా కాడుంటాది."

తెలియనివాళ్ల కోసం చెబుతాను. బ్యాంకులో అయితే పాస్‌బుక్ పోయినా మనిషిని చూసి మన డబ్బు మనకిస్తారు. ఫోన్‌లో క్రిప్టో కాయిన్లు దాచుకునే ఈ వాలెట్‌కి మనిషితో పని లేదు. ఆ పన్నెండు మాటల్ని సీడ్ ఫ్రేజ్ అంటారు. వాటిని ఎవరు ఏ ఫోన్‌లో కొట్టినా వాలెట్ తెరుచుకుంటుంది, అందులో ఉన్నది వాళ్లు తీసుకోవచ్చు. లాక్‌డౌన్‌లో నేనూ కాస్త పెట్టి, చేతులు కాల్చుకుని నేర్చుకున్న సంగతే ఇది.

ఏముంది అందులో అని అడిగాను. మొన్న దిగిన ఓడ తాలూకు జీతం బకాయి మొత్తం అట. బయటి దేశం ఏజెంటు దాన్ని యూఎస్‌డీటీలో పంపాడు, అంటే డాలరు విలువతో నడిచే కాయిన్. అన్నదమ్ముల బోటుకి ఇంజను పోయింది. బోటు ఇసకలో ఉంది, రెండిళ్లలో పొయ్యి వెలగడం కష్టంగా ఉంది. కొత్త ఇంజనుకి ఉన్నదల్లా ఆ డబ్బే.

ఆ ఫొటో షాపు కంప్యూటర్‌లో అందరికీ కనిపిస్తోందంటే, డిలీట్ కొట్టేస్తే సరిపోతుంది కదా అన్నాడు. ఏం సరిపోతుంది? పొద్దున్నుంచి ఆ కంప్యూటర్ ముందు ఎవరెవరు కూర్చుని లేచారో నాకే గుర్తు లేదు. చిత్తుకాగితాలు కూడా పక్కన బజ్జీల బండికి పొట్లాల కోసం వెళ్లిపోయాయి. ఆ మాట వినగానే పరుగెత్తాడు. మసక ప్రింటు దొరికిందట, చింపి పోగులు పెట్టి, నవ్వుతూ వచ్చాడు. నాకు ఒళ్లు మండింది.

"సింపితే ఏటవుద్ది? ఏటీఎం పిన్ను లాగ మార్సడానికి అవదు ఇది. సూసినోడు సూసీసి ఉంటే మరింతే. కొత్త వాలెట్ తెరిసి డబ్బులు అందులోకి మార్సీ, ఇప్పుడే."

మార్చబోతే కదల్లేదు. పంపడానికి కట్టాల్సిన నెట్‌వర్క్ ఫీజు లేదని చూపించింది. అందులోంచే కోసుకోవచ్చు కదా అని అతని గోల. నిజానికి కొత్తవాళ్లందరూ ఇక్కడే ఇరుక్కుంటారు. పంపేది యూఎస్‌డీటీ అయినా, ఫీజు మాత్రం అది నడిచే నెట్‌వర్క్ సొంత కాయిన్‌లోనే కట్టాలి. దాన్ని టీఆర్‌ఎక్స్ అంటారు. ఎల్లాజీ దగ్గర అది సున్నా. కాయిన్లు అమ్మే యాప్‌లో కొత్తగా ఖాతా తెరిచి కొనాలంటే ఆ రోజుకి చేతికి రాదు. అతను ఫోన్‌లో ఏదో క్రిప్టో గ్రూపులో అడిగితే క్షణంలో ఒకడు జవాబిచ్చాడు, పన్నెండు మాటలు పంపు, ఫీజు నేను వేస్తాను అని. ఎల్లాజీ టైప్ చెయ్యబోతుంటే ఫోను లాక్కున్నాను.

అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. ఎవరైనా ఆ మాటలు చూసి వాలెట్ తెరిచి ఉంటే, వాళ్ల చేతిలోనూ టీఆర్‌ఎక్స్ లేకే ఆగి ఉండాలి. మేం ఫీజు వేసిన క్షణం నుంచి అది వాళ్లకీ పనికొస్తుంది. అందుకే ముందు అన్నీ సిద్ధం చేసుకోవాలి.

కంచరపాలెంలో ఎల్లాజీతో ఓడలో పనిచేసినవాడు ఒకడున్నాడు. అతని దగ్గర కొంచెం టీఆర్‌ఎక్స్ ఉంది, ఒక్కసారి పంపడానికి మాత్రం సరిపోయేంత. మేం చెప్పేదాకా పంపొద్దన్నాం. ఎల్లాజీ కొత్త వాలెట్ తెరిచి కొత్త మాటలు రాసుకుంటుంటే నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. తర్వాత పాత వాలెట్‌లో కొత్తదాని అడ్రస్, అంటే ఖాతా నంబరు లాంటి పొడవాటి అక్షరాల వరస పెట్టి, అక్షరం అక్షరం పైకి చదివి సరిచూశాం. అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చినా డబ్బు తిరిగి రాదు.

"ముందు సిన్న మొత్తం పంపి సూడు బావా," అన్నాడు ఫోన్‌లో ఆ స్నేహితుడు.

మంచి సలహానే. కొత్తవాళ్లకి నేనూ అదే చెబుతాను. కానీ టెస్ట్ చేస్తే ఫీజు అక్కడితో సరి, మిగతా డబ్బు అక్కడే చిక్కుకుంటుంది. ఎల్లాజీ నా మొహంలోకి చూశాడు.

"నానేటి సెయ్యాలక్కా?"

ఒకవేళ పోతే ఆ ఇంటికి ఏం మొహం పెట్టుకుని చెప్పను? నీ కష్టార్జితం, నువ్వే చెప్పు అన్నాను. అతను అడ్రస్ ఇంకోసారి చదువుకున్నాడు.

"ఏసీమను. మొత్తం కొట్టేత్తన్నాను."

ఫీజు వచ్చింది, నొక్కేశాడు. గుండ్రంగా ఏదో తిరుగుతూనే ఉంది. ఎవరో పాన్ కార్డు జిరాక్స్ అడిగితే కసురుకున్నాను పాపం. కొత్త వాలెట్‌లో అంకె పడ్డాక ఎల్లాజీ గచ్చు మీదే కూలబడి ఏడ్చాడు. నేను టీ తెప్పించాను. అనవసరంగా మనిషిని ఇంత భయపెట్టానేమో, ఎవరూ చూసి ఉండరేమో అని సాయంత్రం వరకూ నాకు కాస్త సిగ్గుగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. పాత వాలెట్‌లో ఫీజు పోను కాస్త టీఆర్‌ఎక్స్ మిగిలింది, టీ ఖర్చుకి కూడా చాలనంత. అది లేదట. తెలియని అడ్రస్‌కి వెళ్లిపోయింది.

"నాను తియ్యలేదక్కా," అన్నాడు మెల్లగా.

ఇప్పుడు షాపు వాట్సాప్ నా ఫోన్‌లోనే ఉంటుంది, ప్రింటు తీయగానే ఫొటో చెరిపేస్తాను. పన్నెండు మాటల కాగితం ఎవరు తెచ్చినా చూడకుండా వెనక్కి పంపేస్తాను, చేత్తో రాసుకుని ఇంట్లో దాచుకోమంటాను. ఎల్లాజీ వాళ్ల బోటు కొత్త ఇంజనుతో వేటకి వెళ్తోంది. ఆ మిగిలిన కాయిన్లు తీసుకున్న మనిషి మాత్రం ఎవరో తెలియదు. మళ్లీ నా షాపుకి వస్తూనే ఉండొచ్చు, నా చేతిలోంచే చిల్లర తీసుకుంటూ ఉండొచ్చు.